జానెడు తక్కువ

ఇల్లు, వంటగది బల్ల దగ్గర
వానలు వెనకపట్టిన వారం

పిచ్చుకా,

నా చేతిరాత గుర్తుపడతావో లేదో. అత్తయ్యగారు పోయినప్పుడు వచ్చి కుర్చీ అంచున కూర్చున్నావు. మంచినీళ్లయినా తాగకుండా వెళ్లిపోయావు. ఆ తర్వాత మన మధ్య నడిచిందంతా ఫోన్లో రెండు ముక్కలే. "అందరూ బాగున్నారా?" "బాగున్నాం."

ఫోన్ మానేసి ఉత్తరం రాయడానికి కారణం ఉంది. మీ అన్నయ్యకు చూపు తగ్గేకొద్దీ చెవులు పదునెక్కుతున్నాయి. నేను పెరట్లో గుసగుసలాడితే ముందు గదిలోంచి జవాబు చెబుతున్నారు. కాగితం ఒక్కటే ఆయనకు వినిపించదు.

చూపు సంగతి నీకు చెప్పలేదు, చెప్పొద్దన్నారు. చుట్టూరా మూసుకొస్తోంది. తలుపు సందులోంచి చూసినట్టు, ఎదురుగా కాస్త మేరే కనిపిస్తుంది. ఆ సందు కూడా రోజురోజుకూ సన్నబడుతోంది. కంటి డాక్టరమ్మ ఏదీ దాచే మనిషి కాదు. చలి తగ్గేనాటికి వెలుతురుకూ చీకటికీ తేడా తెలిస్తే అదృష్టమనుకోండి అంది.

ఇప్పుడు అసలు విషయం. మన పిల్లకు విమానం నడిపే లైసెన్సు వచ్చింది. ఆ కాగితం తెచ్చి వాళ్ల నాన్న చేతిలో పెట్టిన రోజు నుంచి ఆయనకు ఒకటే ధ్యాస. షెడ్డులో ఆయన కట్టిన విమానం రెండేళ్లుగా టార్పాలిన్ కింద ఉంది. దాన్ని పిల్ల ఎగరేయాలి, ఆయన కింద నిలబడి చూడాలి. నువ్వెప్పుడైనా ఆలోచించావా? తను కట్టిన విమానం గాల్లో ఎలా ఉంటుందో ఆయన ఒక్కసారీ చూడలేదు. ఉన్నది ఒకటే సీటు, అందులో కూర్చున్నది ఎప్పుడూ ఆయనే. నేను చూశాను, పిల్ల చూసింది, గడ్డి కోసేవాళ్లు కూడా చూశారు.

"ఒక్కసారి చూస్తే చాలు. తర్వాత ఈ కళ్లు ఏమైపోతే నాకేం?" అన్నారు.

తనిఖీ తానే చేస్తానంటారు, వేళ్లతో తడిమి. ఎగరబోయే ముందు విమానాలు దిగే మైదానం మెకానిక్ వచ్చి సంతకం పెట్టాలి కానీ, అతను గంటలో చూసి వెళ్లే మనిషి. నాకున్నది ఒక్కతే కూతురు. నువ్వు రోజూ పెద్ద విమానాల కింద పడుకుని చేసే పని ఇదే కదా. ఏం చూడాలో, ఎలా చూడాలో రాయి. నన్ను నీ చేతులనుకో.

మీ వదిన


విమానాల మరమ్మతు షెడ్డు
భోజన విరామం

వదినా,

చేతిరాత గుర్తుపట్టాను. కవరు మీద స్టాంపు కూడా స్కేలు పెట్టి అంటించినట్టుంటే ఇంకెవరని అనుకుంటాను?

అడగమన్నది అన్నయ్యా, అడిగింది మీరా? మీరైతే చెబుతాను. ఆయనైతే ఆయనే అడగాలి.

కళ్ల సంగతి చదివి కాసేపు చేతిలో స్పానర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. దాని గురించి ఇప్పుడేమీ రాయలేను. పని గురించి రాస్తాను.

తోకతో మొదలుపెట్టండి. వెనక అడ్డంగా ఉండి, పైకీ కిందికీ ఊగే పలకే ఎలివేటర్. విమానం ముక్కు ఎత్తాలన్నా దించాలన్నా అదే దిక్కు. దాని అంచు రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా ఆడించండి. కీళ్ల దగ్గర టకటకమంటే లోపల అరిగిందని అర్థం. ప్రతి కీలుకూ బోల్టు, బోల్టుకు నట్టు, నట్టు జారకుండా అడ్డంగా చిన్న పిన్ను ఉంటాయి. పిన్ను లేని నట్టు కనిపిస్తే అక్కడితో ఆగి నాకు రాయండి. విప్పిన నట్టు ఏ చోటిదో మళ్లీ ఆ చోటికే వెళ్లాలి. బీరువా తాళాలకు కూడా చీటీలు కట్టే మనిషికి ఇది నేను చెప్పక్కర్లేదు.

తర్వాత కేబుళ్లు. సీటు ముందు పైలట్ పట్టుకునే స్టిక్ నుంచి తోకదాకా, కప్పీల మీదుగా రెండు ఉక్కు కేబుళ్లు వెళ్తాయి. మెత్తని పాత గుడ్డ ఒకటి తీసుకుని కేబుల్ చుట్టూ వేసి, ఈ చివర నుంచి ఆ చివరదాకా లాగండి. ఎక్కడైనా పోగు తెగి ఉంటే గుడ్డను పట్టుకుంటుంది. ఉత్త చేత్తో మాత్రం రాయకండి, సూదిలా దిగుతుంది. గుడ్డ తగులుకున్న చోట కేబుల్‌ను కొంచెం వంచి చూడండి. పైకి బాగున్నది కూడా వంచితే నిజం చెబుతుంది.

సీటు వెనక కప్పీ దగ్గర రెండుసార్లు చూడండి. ఎందుకో మీకు తెలుసు. ఆ రోజు మీరు కాఫీ ట్రే పట్టుకుని అక్కడే ఉన్నారు. ఇంత చిన్న కప్పీ మీద కేబుల్ ఇంతగా మెలి తిరిగితే లోపల్లోపల తెగిపోతుందన్నాను. చుట్టూ ఆయన స్నేహితులు. "నాలుగు బోల్టులు బిగించేసరికి పిల్లకాకి ఇంజినీరైపోయింది" అన్నాడు అన్నయ్య. అందరూ నవ్వారు. ఆ విమానం కర్రా తీగా నేనూ మోశాను. ఎగిరే రోజు చూడకుండానే వచ్చేశాను.

ఆయన అన్నేళ్లూ ఎగిరాడు, ఏమీ కాలేదు. అది నాకు సంతోషమే. అయినా రెండుసార్లు చూడండి.

పిచ్చుక


ఇల్లు, షెడ్డులో స్టూలు మీద
ఆదివారం

పిచ్చుకా,

నువ్వు చెప్పినట్టే చేశాను. మీ అన్నయ్య పక్కనే కుర్చీ వేసుక్కూర్చున్నారు. ఏ భాగం పట్టుకున్నానో చప్పుడు విని చెప్పేస్తున్నారు. "అది కుడి కీలు. దాని పక్కది చూడు." నాకు జడ్జి ముందు నిలబడ్డట్టుంది.

కీళ్లలో ఎడమవైపుది కాస్త టకటకమంది. అందులోని అరిగిన గొట్టం మార్చాల్సిందేనని ఆయనే ఒప్పుకుని, డబ్బాలోంచి కొత్తది వెతికిచ్చారు. పిన్నులన్నీ ఉన్నాయి. రెక్క లోపల ఎలుక కాపురం పెట్టింది. ఖాళీ చేయించాను. పాపం, మీ అన్నయ్య పాత మఫ్లరు అంతా అక్కడే ఉంది.

గుడ్డ తీసుకుని కేబుల్ తుడుస్తుంటే, "గుడ్డ సంగతి నీకెవరు చెప్పారు?" అన్నారు. పుస్తకంలో ఉందన్నాను. "మంచి పుస్తకం" అన్నారు.

సీటు వెనక రెండుసార్లు కాదు, మూడుసార్లు చూశాను. గుడ్డ పట్టులా జారింది. వంచి చూశాను, ఒక్క పోగు లేవలేదు. నీ భయం అక్కడ నిజం కాలేదమ్మా, సంతోషించు.

గుడ్డ తగులుకున్నది తోక దగ్గర. చివరి కప్పీలోకి వెళ్లే ముందు, చీకటిగా ఉండే మూలలో గుడ్డ ఆగిపోయింది. లాగితే చిరిగింది. టార్చి వేసి కేబుల్ వంచాను. పాత చీపురులా పుల్లలు లేచాయి. సందుల్లోంచి ఎర్రటి తుప్పు పొడి రాలింది. రెండో కేబుల్ కూడా అదే చోట అదే తీరు.

నాకు అర్థం కానిది ఒకటే. ఆ కేబుళ్లను ఏటా నేనే కడిగాను. కిరోసిన్‌లో బ్రష్షు ముంచి, నల్లటి మడ్డి అంతా పోయి తళతళలాడేదాకా. ఇంట్లో ఏ గిన్నే అంత శ్రద్ధగా తోమలేదు. అంత శుభ్రంగా ఉంచిన వస్తువుకు తుప్పెలా పట్టింది?

మీ వదిన


మరమ్మతు షెడ్డు
మంగళవారం

వదినా,

రెండు కేబుళ్లూ పనికిరావు. ఇందులో ఇక ఆలోచించడానికేం లేదు. గుడ్డ చిరిగిందంటే పైన తెగినవే అన్ని, లోపల ఎన్నో.

సీటు వెనక బాగుందంటే మంచిదే. అదృష్టం.

కిరోసిన్ గురించి. మీరు బాధపడతారని తెలుసు, అయినా చెప్పాలి. కేబుల్ పేనేటప్పుడే పోగుల మధ్య గ్రీజు పెడతారు. మీరు మడ్డి అనుకుని కడిగింది దాన్నే. అది పోతే లోపల పోగూ పోగూ ఒరుసుకుంటాయి, తేమ చేరుతుంది. పొడి గుడ్డతో తుడవాలి, అంతే. మా షెడ్డులో కొత్తవాళ్లకు మొదటి రోజే చెప్పే మాట. మీకు ఎవరు చెప్పారు? అన్నయ్య చెప్పలేదంటే ఆ మూలకు ఆయన ఎప్పుడూ తొంగిచూడలేదన్నమాట. నా మాట తప్పని చూపించడానికి ఆయన ఆ సీటు వెనకే చూస్తూ ఉండుంటాడు. నేను ఇక్కడ కూర్చుని దాని గురించే భయపడుతూ వచ్చాను. ఇద్దరం ఒక్కచోటికే కాపలా కాశాం. తోక దగ్గర మీరొక్కరే మిగిలారు, మీకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

కొత్త కేబుళ్లు నేను చేసి పంపుతాను. చివర్లకు బిగించే తొడుగులను పెద్ద ప్రెస్సులో నొక్కాలి, ఇంట్లో అయ్యే పని కాదు. పాతవి కొలతకు పంపనా అని అడుగుతారేమో. అక్కర్లేదు. ఆ డ్రాయింగు నా దగ్గరే ఉంది. మీ వంటగది బల్ల మీద నేనే గీశాను. ఆ కొలతలు నాకంటే ఎవరికి తెలుసు?

పిచ్చుక


ఇల్లు, వంటగది
మొదటి చలి

పిచ్చుకా,

కిరోసిన్ డబ్బా ఎత్తి పక్కింటివాళ్లకు ఇచ్చేశాను. ఇన్నాళ్లూ ఆయన పైకెగిరిన ప్రతిసారీ, కేబుళ్లు శుభ్రంగా ఉన్నాయి కదా అని గుండె మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను. ఇక ఈ మాట వదిలేద్దాం.

నీ సంగతి బయటపడింది. కేబుళ్లు మార్చాలి, చేయిస్తున్నాను అని చెప్పాను. ఎక్కడ అని కూడా అడగలేదు.

"పుస్తకం పొట్టిగా, చురుగ్గా ఉంటుందా?" అన్నారు.

తప్పించుకోలేక అవునన్నాను.

"గుడ్డ పెట్టి తుడవమని మొదట దానికి నేర్పింది నేనే" అన్నారు. కోపం లేదు. "పాత డ్రాయింగు చూసే చేస్తోందా?" అన్నారు. అవును, ఏం అన్నాను. ఏం లేదన్నారు. రేడియో మీట తిప్పుతూ కూర్చున్నారు, ఏ స్టేషనూ పట్టకుండా. దానికేమైనా చెప్పమంటారా అని నేనే కదిపాను. "తను అడిగితే చెబుతాను" అన్నారు.

ఏం అడగాలో నాకు తెలియదు. నీకు తెలిస్తే అడుగు. ఒక తల్లి బిడ్డలేనని మీ ఇద్దరి మొండితనం చూస్తే ఎవరైనా చెబుతారు.

డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ వెళ్లాం. ఆవిడ దూరంగా పట్టుకున్న వేలు కనిపెట్టడానికి ఈసారి చాలాసేపు పట్టింది.

మీ వదిన


మరమ్మతు షెడ్డు

వదినా,

కేబుళ్లు పార్సిల్లో వస్తున్నాయి. చివర్లకు కట్టిన గుడ్డలు బిగించేదాకా విప్పకండి.

అడగడానికి నాకేం లేదు. పిల్లకాకి అన్నది ఆయన. అడగాల్సినదేమైనా ఉంటే ఆయనే అడగాలి.

పిచ్చుక


ఇల్లు
పార్సిల్ వచ్చిన మర్నాడు

పిచ్చుకా,

నీ కేబుళ్లు చేరలేదు. పార్సిల్ చేరింది, కేబుళ్లే చేరలేదు.

పాతవి విప్పి, కొత్తవాటి ముందు కొసలు స్టిక్ దగ్గర తగిలించాం. పిల్ల తోక దగ్గర నిలబడి రెండో కొస లాగింది. ఎలివేటర్ దాకా రాలేదు. ఎక్కడైనా మెలిక పడిందేమోనని కప్పీ కప్పీ తడిమి చూశాను. మళ్లీ లాగాం. జానెడు తక్కువ. రెండూ అంతే.

మీ అన్నయ్య కుర్చీలోంచి, "లాగకండి. అది చేరదు" అన్నారు.

ఎందుకు చేరదని పిల్ల అడిగింది. ఆయన లేచి, విమానాన్ని పట్టుకుని నడుస్తూ సీటు వెనకదాకా వచ్చారు. పిల్ల చెయ్యి తీసుకుని లోపల పెట్టించారు. "ఇక్కడ ఒక కప్పీ ఉండాలి. రెండున్నాయి, చూడు. నీ అత్త చెప్పింది నిజమే. ఒక్క కప్పీ మీద అంత మెలిక పనికిరాదు. వంపును రెండుగా పంచాను. కేబుల్ చుట్టు తిరిగి వెళ్తుంది. జానెడు పెరిగింది."

ఎప్పుడు చేశారని నేను అడిగాను. నువ్వు వెళ్లిపోయిన వారమే అన్నారు.

నాకు అప్పుడు గుర్తొచ్చింది. మొదటిసారి ఎగరడానికి నెలరోజులు ఆగారు. గాలి కుదరడం లేదని అందరితో అన్నారు. షెడ్డు తలుపు మూసుకుని లోపలే ఉండేవారు. నేను నిజంగానే గాలనుకున్నాను.

"మరి డ్రాయింగు చూసి చేస్తోందని తెలిసినప్పుడైనా చెప్పొచ్చుగా?" అన్నాను. గొంతు పెద్దదే అయింది.

"అడుగుతుందనుకున్నాను" అన్నారు.

పిల్ల గుడ్డతో చేతులు తుడుచుకుంటూ బయటికి వెళ్లిపోయింది.

ఇప్పుడు నేను అడుగుతున్నాను. మరో జత చేయాలంటే ఎన్నాళ్లు పడుతుంది? ఇంకో పక్షం దాటితే మైదానం మీదికి మంచు దిగుతుంది, చలి వెళ్లేదాకా ఎవర్నీ ఎగరనివ్వరు. ఈ వారం గాలి నిలకడగా ఉంది. పాత కేబుళ్లు షెడ్డులోనే ఉన్నాయి. "ఒక్క రౌండుకు ఆగుతాయిలే" అంటున్నారు ఆయన. పిల్ల సరేనంటోంది, వాళ్ల నాన్న కోసం దేనికైనా సరేనంటుంది. మెకానిక్ ఆ చీకటి మూలలోకి టార్చి వేస్తాడన్న నమ్మకం నాకు లేదు. నిన్న పొద్దున మీ అన్నయ్య తలుపనుకుని బీరువాకు ఎదురెళ్లారు.

నీలోని మెకానిక్‌ను అడగడం లేదు. ఆయన చెల్లెల్ని అడుగుతున్నాను. ఒక్కసారికి ఆగుతాయా?

మీ వదిన


మరమ్మతు షెడ్డు
మీ ఉత్తరం అందిన గంటలో

వదినా,

చెల్లెలిగానే చెబుతున్నాను. ఆగుతాయి, బహుశా. ఏ రోజు ఆగవో మాత్రం ఏ కేబులూ ముందు చెప్పదు. నేల విడిచాక అది తెగితే స్టిక్ చేతిలో ఉత్త కర్ర. కూర్చునేది మీ కూతురు, నా మేనకోడలు. అన్నయ్యకు చూపు ఎలాగూ పోతుంది. దాన్ని ఆపడం మన చేతిలో లేదు. ఇది మన చేతిలో ఉంది.

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. పనికిరాదని తేల్చిన భాగాన్ని పక్కన పెట్టం. అక్కడికక్కడే కోసేస్తాం. చేతికందేలా ఉంటే, ఏదో ఒక తొందరలో, ఎవరో ఒక మంచివాడు మళ్లీ బిగిస్తాడు. చెడ్డవాళ్లు కాదు వదినా, ఎప్పుడూ మంచివాళ్లే. కట్టర్ తీసుకుని పాత కేబుళ్లు రెండింటినీ ముక్కలు చేయండి. ఈ ఉత్తరం మడిచి పెట్టకముందే చేయండి.

నా దగ్గరున్న కేబుల్ చుట్ట అయిపోయింది. కొత్తది రావడానికి నెలపైనే పడుతుంది. అప్పటికి మీరన్న మంచు. ఇదంతా నాకు తెలుసు. తెలిసే రాస్తున్నాను.

సీటు వెనక కేబుల్ పట్టులా ఉందని మీరు రాశారు. నేను చూసిన కప్పీయే అక్కడుంటే, ఇన్నేళ్లకు అది పట్టులా ఉండే వీలే లేదు. పక్కవాళ్ల విమానాల్లో ఇలాంటి చిన్న తేడా పట్టుకున్నందుకే నాకు జీతమిస్తారు. మీ ఉత్తరంలో కళ్ల ముందున్నా అదృష్టమని రాసి తోసేశాను. అన్నయ్య నా మాట విని ఉంటాడన్న ఆలోచనే నాకు రాలేదు. అడిగితే చెబుతానన్నాడని మీరు రాస్తే, క్షమాపణ అడగమంటున్నాడనుకున్నాను. "ఏమైనా మార్చావా?" అని ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. మార్చానని అతను ఒక్క ముక్క చెప్పినా సరిపోయేది. ఈ వారం మీ మైదానం మీద గాలి నిలకడగా ఉందన్నారు. ఆ గాలి ఊరికే పోతోంది.

నా మాటే నెగ్గిందని ఇప్పుడు తెలిసింది. ఎక్కడ పెట్టుకోను?

కొత్తవి చేశాక నేనే తెచ్చి బిగిస్తాను, ఆయన రమ్మంటే.

పిచ్చుక


ఇల్లు
అదే వారం

పిచ్చుకా,

కోసేశాను.

పిల్ల కేబుల్ పట్టుకుంది, నేను కట్టర్ నొక్కాను. చేతుల్లో బలం చాలక కట్టర్ పిడి నేలకు ఆనించి మోకాలితో తొక్కాల్సి వచ్చింది. ఉక్కు తెగితే ఎంత చప్పుడవుతుందో నాకు ఇన్నాళ్లూ తెలియదు. ముక్కముక్కకూ అదే చప్పుడు. ఆయన వరండాలో ఉన్నారు. అంతా విన్నారు. లోపలికొచ్చి, ఎన్ని ముక్కలు చేశావు అని గానీ, ఎందుకు చేశావు అని గానీ అడగలేదు. భోజనానికి కూర్చున్నప్పుడు, కంచం కోసం చెయ్యి చాపుతూ, "మంచిపని చేశావు" అన్నారు. అది అనకుండా ఉంటే నాకు తేలికగా ఉండేది.

నువ్వు వస్తానన్న సంగతి చదివి వినిపించాను. రమ్మని అనలేదు. వెనక గదిలో బల్బు మార్చమన్నారు. ఆ మంచం పొట్టివాళ్లకు సరిపోతుందిలే అన్నారు.

ఇంతకంటే మీ ఇంటి మగవాళ్ల నోటి నుంచి రాదు. కేబుళ్లు కాగానే బయలుదేరు.

మీ వదిన


మరమ్మతు షెడ్డు
తిరిగొచ్చిన రోజు

వదినా,

క్షేమంగా చేరాను. మంచు విడిచేదాకా ఉండాలని ఉంది, సెలవు ఇవ్వలేదు.

బిగించినదంతా మీ ఎదురుగానే జరిగింది కాబట్టి మళ్లీ రాయను. మీరు కాఫీకి లోపలికి వెళ్లినప్పటి సంగతి ఒకటే రాస్తాను. కేబుళ్లు తిరగేసి తగిలిస్తే స్టిక్ లాగినప్పుడు ముక్కు లేవాల్సింది దిగుతుంది. బాగా పని వచ్చినవాళ్లు కూడా చేసే పొరపాటు అది. అందుకని పిల్లను సీట్లో కూర్చోబెట్టాను. అన్నయ్య ఎలివేటర్ మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. పిల్ల స్టిక్ వెనక్కి లాగింది. "లేచింది" అన్నాడు. తోసింది. "దిగింది" అన్నాడు. మళ్లీ లాగమన్నాడు. అలా ఎన్నిసార్లు చేయించాడో. సరిపోయిందని మొదటిసారికే ఇద్దరికీ తెలుసు.

చాలన్నాను. "ఉండవే, దీన్ని చూస్తున్నాను" అన్నాడు.

సీటు వెనక రెండు కప్పీలూ నేను చూశాను. చాలా శుభ్రమైన పని. మొదటి రోజే ఆ పని చూసి ఉంటే అతనితో ఆ మాట చెప్పేదాన్ని. ఇప్పుడూ చెప్పలేదు. మీరు చెప్పండి.

పిచ్చుక


ఇల్లు, ముందు గది
మంచు విడిచిన మర్నాడు

పిచ్చుకా,

నిన్న ఎగిరింది.

పొద్దున్నే మెకానిక్ వచ్చాడు. నేను పక్కనే నిలబడి తోక మూలలోకి టార్చి పట్టుకున్నాను. విసుక్కున్నాడు గానీ, చూశాడు. ఏ తప్పూ దొరకలేదు. సంతకం పెట్టాడు.

నువ్వు చెప్పమన్న మాట దారిలో ఆయనకు చెప్పాను. శుభ్రమైన పని అన్నావని. కారు కిటికీ వైపు తిరిగి, "ఆ" అన్నారు.

ఆయన చూపులో నువ్వు వచ్చినప్పటికీ ఇప్పటికీ తేడా ఉంది. నువ్వు ఉన్నప్పుడు దీపం వేస్తే తెలిసేది. ఇప్పుడు ఎండలో నిలబెట్టినా, వెచ్చగా ఉంది కాబట్టి ఎండ అంటున్నారు.

పిల్ల ఎక్కే ముందు వచ్చి వాళ్ల నాన్న చేతులు రెండూ పట్టుకుంది. "నాన్నా, ఎలా తిప్పమంటావు?" అంది. ఎడమకు ఒక పెద్ద చుట్టు, గాలి చూసుకుని దిగిపో, వేషాలెయ్యకు అన్నారు.

విమానం గడ్డి మీద పరిగెత్తి లేచింది. నేను ఆయన చెవి దగ్గర చెప్పడం మొదలుపెట్టాను. నేల విడిచింది, చెట్లు దాటింది, రెక్క మీద ఎండ పడింది అని. "చెప్పకు, వింటాను" అన్నారు. ఊరుకున్నాను.

పిల్ల ఎడమకు తిరిగింది. మైదానం ఆ చివర రేకుల షెడ్లు ఉన్నాయి, నీకు తెలుసు. ఇంజను చప్పుడు వాటికి కొట్టుకుని అటు నుంచి వినిపించసాగింది. విమానం మా వెనక ఉంది. ఆయన షెడ్లవైపు తిరిగి, ముఖం ఎత్తి, మెల్లగా ఆ చప్పుడు వెంబడే తల తిప్పసాగారు. మైదానంలో ఉన్నవాళ్లంతా ఒకవైపు చూస్తున్నారు. ఆయన ఒక్కరే రెండోవైపు. ముఖం ఎంత వెలిగిపోతోందో నీకెలా చెప్పను? పెళ్లినాటి నుంచి చూస్తున్నాను, ఆ ముఖం ఎప్పుడూ చూడలేదు.

భుజం పట్టుకుని ఇటు తిప్పుదామని చెయ్యి ఎత్తాను. ఎత్తి, దించేశాను. గుండ్రంగా తిరిగి దిగేదాకా ఎంతసేపు ఉంటుంది? ఆ కాసేపట్లో నా కూతురిని నేను చూసుకోవచ్చు. చూడలేదు. నేనూ ఆయన చూస్తున్న వైపే తిరిగి, ఆయన పక్కన నిలబడ్డాను.

"ఎంత బాగుందో చూశావా?" అన్నారు.

అటువైపు రేకుల షెడ్లు, వాటిపైన ఆకాశం, అంతే.

"చూశాను" అన్నాను.

మీ వదిన